గుర్వమ్మ సెలవు

బీరన్న కుదురుగ కూసోక ఎనిమిదేండ్లయింది.

అన్నం తింటూ నడుమ లేస్తడు. బీడీ ముట్టించి రెండు గుంజులు గుంజకముందే పారేసి బయటికి పోతడు. మబ్బు పట్టిందంటే ఇగ చెప్పనే అక్కర్లేదు. తన డ్యూటీ కాకున్నా సుత్తె భుజాన వేసుకొని పట్టాల వెంబడి, వాటి కిందికెళ్ళి వాననీళ్ళు పోయే మోరీ దాకా పోయి, నీళ్ళు ఎంత వచ్చినయో చూసి వస్తడు. వచ్చి చెప్పులు విప్పకముందే మళ్ళ పోతడు.

ఆయన రైల్వేల కీమ్యాన్. దేవరకద్ర పక్కన దినాం నాలుగు మైళ్ళు నడిచి, పట్టాను కింది స్లీపరు దిమ్మెకు పట్టి ఉంచే ఇనుప కీలు వదులైతే సుత్తెతోని కొట్టి బిగించుడు ఆయన పని. కురుమోళ్ళ ఇంట్ల పుట్టి, పదహారేండ్ల దాకా గొర్ల వెంట తిరిగినోడు గనుక నడక ఆయనకు కొత్త కాదు. కానీ గొర్ల వెంట నడిచేటోడు ఎండపూట ఏదో ఒక చెట్టు కింద నడుం వాలుస్తడు. ఈయన నడక గట్ల కాదు.

యాభై ఆరుల వానలకు మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలుబండి వాగుల పడ్డది. అప్పుడు బీరన్న ఆ దిక్కు పట్టాలు బాగుచేసే గ్యాంగుల కొత్తగ చేరి ఉండె. మనుషులను బయటికి తీసినోళ్ళల్ల ఆయన ఒకడు. మూడు దినాలు తీసిండ్రు. కూలిన వంతెన ఆయన నడిచే జాగాల లేదు. ఆయనను ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి తానం చేసి, రొట్టె తిని పండుకున్నడు. వారం తర్వాత మళ్ళ వాన పడ్డది. ఆ దినం నుంచి మొదలైంది ఈ లేచుడు, తిరుగుడు. ఆ మూడు దినాల సంగతి మాత్రం భార్య గుర్వమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు.

గుర్వమ్మ ఓపిక గల మనిషి. అరవై నాలుగుల దసరా పోయినంక ఒకనాడు నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టేసి ఆన్నే కూలబడ్డది. దవాఖానల డాక్టరు చూసి, "పదిహేను దినాలు పని ముట్టొద్దు, రెస్టు తీసుకోవాలె" అన్నడు. సరేనని క్వార్టర్ల మంచం వేసుకొని పండుకున్నది. బీరన్న ఇంట్లకు వస్తడు, వాకిట్లకు పోతడు, మళ్ళ ఇంట్లకు వస్తడు. పండుకున్న మనిషికి ఆ తిరుగుడు చూస్తుంటేనే ఆయాసం వచ్చింది.

"ఈడ ఉంటె నాకు రెస్టు దొరకదు, నీకూ దొరకదు. ఏడికన్న పోదాం" అన్నది మూడోనాడు.

"ఏడికి?"

"ఏడాదికో పాసు ఇస్తరు గద నీకు. ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న రాయించుకున్నవా? సర్కారు ఊకెనే తిప్పుతనంటే పోనిది మనమే. నాకు సముద్రం చూపియ్యి. దాని పక్కన కూసుంట. ఎవరన్న వండి పెడితే తింట."

బీరన్న లేచి బయటికి పోయిండు. అందుకని ఆమె పక్క క్వార్టరు ఇస్రాయేలును పిలిపించింది.

ఇస్రాయేలు స్టేషన్ల బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నకిరేకల్ దిక్కు మనిషి. పెండ్లి కాకముందు సిలోన్ తోటలకు పోదామని బయలెల్లి, సముద్రం ఒడ్డున మండపం క్యాంపులనే ఆగిపోయి, ఆడ రెండేండ్లు మూటలు మోసి వచ్చినోడు. ఆ రెండేండ్ల ముచ్చట అడిగేటోళ్ళు ఇన్నాళ్ళకు దొరికినందుకు ఆయనకు సంబురమైంది. సుద్దముక్క తెచ్చి అరుగు బండ మీద బొమ్మ గీసిండు.

"ఇగో వదినా, ఇది భూమి. ఇది రామేశ్వరం దీవి. శంఖాన్ని పడుకోబెట్టినట్టుంటది."

"చుట్టూరా నీళ్ళేనా?"

"అన్ని దిక్కులా నీళ్ళే. ఏ దిక్కు చూసినా తాటిచెట్లు, ఇసుక. గాలి ఉప్పగుంటది. ఆడ ఎవ్వరికీ తొందరుండదు."

"ఆ మాట జర గట్టిగ చెప్పు, ఆయనకు ఇనపడాలె."

బీరన్న వాకిట్ల గుంజకు ఆనుకొని నిలబడి ఉన్నడు. ఇనపడ్డట్టు మొఖం పెట్టలేదు.

ఏమేం చూడాలె అన్న లెక్క ఆ పొద్దే మొదలైంది. గుళ్ళె ఇరవై రెండు బావులున్నయనీ, ఒక్కొక్క దాని నీళ్ళు తలమీద పోసుకుంట పోవాలెననీ ఇస్రాయేలు చెప్పిండు.

"ఇరవై రెండా? తడి చీరెతోని గన్ని బావుల వెంట ఉరుకుడు నాతోని కాదు. మూడు చాలు."

"రాముని పాదాలున్న గుట్ట ఉన్నది వదినా. ఎక్కితె దీవంత కనపడతది."

"గుట్ట తీసెయ్యి. మనకీడ గుట్టలేమన్న కరువా?"

"గుడి చుట్టు పొడుగు మండపం ఉన్నది. ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కానరాదు. వెయ్యి స్తంభాలు దాటి ఉంటయి."

"నీడనే గద? అది ఉండనీ."

"ఇగ ఈ తోక కొసకు ధనుష్కోడి. బండి ఆడిదాకా పోతది. దిగితె ఇసుకనే. ఒక పక్క నిమ్మళమైన సముద్రం, ఇంకో పక్క గర్జించే సముద్రం. రెండూ ఆడ కలుస్తయి."

గుర్వమ్మ కండ్లు పెద్దగైనయి. "ఆడ రెండు దినాలు పెట్టు. నిమ్మళమైన దాని పక్కకే."

అప్పుడు బీరన్న నోరు తెరిచిండు. "దీవికి పోయేదెట్ల?"

"రైలుకే అన్నా. పాంబన్ బిర్జి మీదికెళ్ళి."

"ఎంత పొడుగు?"

"మైలుకు ఎక్కువే. సముద్రం నడుమకెళ్ళి. స్తంభాల నడుమ ఖానాలు నూట నలభైకి పైనే. ఓడలొస్తే నడుమల రెండు రెక్కలు పైకి లేస్తయి. అది చూసేటందుకే ఎక్కడెక్కడోళ్ళు వస్తరు."

"గాలొస్తే?"

"గాలి గట్టిగుంటే బండి ఆపుతరు."

"ఆ పట్టాలను ఎవరు చూస్తరు?"

"మన లాంటోళ్ళే చూస్తరు. ఇంకెవరు?"

బీరన్న గుంజను విడిచి పట్టాల దిక్కు నడిచిండు.

ఆ తర్వాత నెలన్నర ఆ ఇంట్ల వేరే ముచ్చట లేదు. ఇస్రాయేలు డ్యూటీ దిగంగనే సుద్దముక్క తీసేటోడు. గుర్వమ్మ చూసే జాగాలు కలిపేది, తీసేది. బీరన్న మాత్రం ఏదో ఒక అడ్డం పెట్టేటోడు. ఒకనాడు, "ఆలంపూర్ పోదాం. జోగులాంబను చూసి వద్దాం, దగ్గర" అన్నడు.

"ఆలంపూర్ల సముద్రమున్నదా?"

"నది ఉన్నది గద."

"నది ఎన్నోమార్లు చూసిన."

ఇంకోనాడు స్లీపర్లు మార్చే పని ఉన్నదన్నడు. మరోనాడు మేస్త్రికి పానం బాగలేదన్నడు. ఇస్రాయేలు రాసిచ్చిన సెలవు దరఖాస్తు తొమ్మిది దినాలు అంగి జేబులనే ఉండి చెమటకు మెత్తబడ్డది. పదోనాడు గుర్వమ్మనే నడుముకు గుడ్డ బిగించుకొని, దాన్ని తీసుకపోయి గ్యాంగు మేస్త్రి అంజయ్య చేతుల పెట్టి వచ్చింది. డిసెంబరు ఇరవై ఆరు నుంచి పది దినాలు సెలవిచ్చిండ్రు. పాసు గూడ వచ్చింది. గుర్వమ్మ రెండు చీరెలు, ఒక దుప్పటి, ఎండురొట్టెలు మూటగట్టింది. బీరన్న ఆ మూట దిక్కు చూసినప్పుడల్ల లేచి బయటికి పోయేటోడు.

ఇరవై నాలుగో తారీఖు పగటిపూట ఇస్రాయేలు వచ్చిండు. మర్నాడు క్రిస్మస్. పండుగ ముచ్చట చెప్తడనుకొని గుర్వమ్మ పీట వేసింది. ఆయన కూసోలేదు.

"వదినా, మూట విప్పు" అన్నడు.

"ఏమైంది?"

"తుఫాను వచ్చింది. మొన్న. స్టేషన్ మాస్టరు ఇప్పుడే చెప్పిండు. ధనుష్కోడి లేదు."

"లేదంటే?"

"ఊరే లేదు. ఆడికి పోయే బండి మనుషులతోని సముద్రంల కొట్టుకపోయింది. బిర్జి ఖానాలు కూలినయట."

గుర్వమ్మకు మొదట యాదికొచ్చింది బీరన్న. తిరిగి చూసింది. పొద్దటి డ్యూటీ అయిపోయి ఇందాకటి దాకా ఇంట్లనే ఉండె ఆయన. ఇప్పుడు గడప కాడ చెప్పులు లేవు. మూలకున్న సుత్తె లేదు.

"అంతా ఇన్నడా?" అని ఇస్రాయేలునే అడిగింది.

"నా ఎన్కనే నిలబడి ఉండె" అన్నడు ఆయన.

ఆమె బయలెల్లింది. ఆకాశంల మబ్బు తునక లేదు. చలికాలం ఎండ కంకర మీద తెల్లగ పడ్డది. ఆగుకుంట, నడుం పట్టుకుంట మోరీ దాకా పోయే సరికి ఆమెకు చెమటలు పట్టినయి. మోరీ కింద నీళ్ళు లేవు. ఎండిన ఇసుకల బీరన్న కూసోని ఉన్నడు. సుత్తె పక్కన పడి ఉన్నది. ఆయన ఏడుస్తున్నడు. పెండ్లయి ఇరవై రెండేండ్లల్ల ఆమె అది చూడలేదు.

కిందికి దిగి పక్కన కూసున్నది.

"ఆ బండి పోకముందు ఒకడు నడిచి ఉంటడు" అన్నడు. "కీలన్ని కొట్టి ఉంటడు. అన్ని గట్టిగనే ఉన్నయని ఇంటికి పోయి ఉంటడు. వాడేం చెయ్యాలె చెప్పు?"

ఆమె సుత్తెను అవతలికి నూకి ఇంకా దగ్గరికి జరిగింది.

అప్పుడు ఆయన వాగుల పడ్డ బండి కాడి ఆ మూడు దినాల సంగతి చెప్పుడు మొదలుపెట్టిండు. ముందు ముక్కలు ముక్కలుగ. వాగు నీళ్ళ రంగు. బురద వాసన. రైలు డబ్బాల కిటికీలకెళ్ళి దిగుడు. "ఒకామె ఉండె. నీ అంత ఉంటది. కొంగుకు పల్లీలు కట్టుకున్నది. ముడి విప్పలేదు. నీళ్ళల్ల నాని ఉబ్బినయి. ఒడ్డు మీద పండబెట్టి కొంగు సర్దింది నేనే. ఆ ముడి విప్పాల్నా, ఉంచాల్నా, నాకు తెల్వలే. గట్లనే ఉంచిన."

నెత్తి మీదికెళ్ళి గూడ్సుబండి పోయింది. మోరీ అదిరింది. బీరన్న లేవబోయిండు. గుర్వమ్మ ఆయన చెయ్యి పట్టుకున్నది. బండి పోయినంక మళ్ళ చెప్పిండు. పొద్దు వంగే దాకా చెప్పిండు. ఆయన చెప్పేటందుకు అంత ఉన్నదని ఆమెకు ఇన్నేండ్లు తెల్వదు. తెల్వనందుకు బాధైంది, కొంచెం కోపం గూడ వచ్చింది.

తెల్లారి బీరన్న అంగి వేసుకొని, "సెలవు వద్దని చెప్పి వస్త" అన్నడు.

"ఎందుకు?"

"రామేశ్వరం పోయేది లేదు గద."

"రామేశ్వరం లేకపోతే సెలవెందుకు వద్దు? అది నీ పేరు మీద ఇచ్చిండ్రు గంతే. సెలవు నాది." అన్నీ ఆలోచించి పెట్టుకున్నట్టు గడగడ చెప్పింది. "కృష్ణ నది నడుమ గుర్రంగడ్డ ఉన్నది. మా చిన్నమ్మ కొడుకు మల్లప్ప ఆడనే ఉంటడు, పుట్టి నడుపుతడు. అదీ దీవే. సముద్రం కాకపాయె, చుట్టూరా నీళ్ళయితే ఉన్నయి. ఆడికి రైలు లేదు, బిర్జి లేదు. పుట్టిల కూసుంటే పోతవు."

ఇరవై ఆరున బస్సుల ఆత్మకూరు దాకా పోయి, ఆడికెళ్ళి ఇంకో ఊరి దాకా బండి కట్టించుకొని ఏటి ఒడ్డుకు చేరిండ్రు. మల్లప్ప తోలు కప్పిన గుండ్రటి పుట్టిల ఇద్దరినీ కూసోబెట్టుకొని, తెడ్డుతోని తిప్పుకుంట అవతలికి తీసుకపోయిండు. నడుమ నీళ్ళల్ల బీరన్న పుట్టి అంచును రెండు చేతులా పట్టుకున్నడు. గుర్వమ్మ చెయ్యి నీళ్ళల్ల పెట్టింది.

"చూసేటందుకు ఈడ ఏమేమున్నయిరా?" అని దిగంగనే అడిగింది.

"ఏమున్నయక్కా? ఎగువ రాళ్ళ కాడ కొంగలుంటయి. దిగువ మడుగుల మొసలి ఉన్నదంటరు. పల్లి చేన్లు ఉన్నయి."

"కొంగలు చాలు."

మొదటి దినం బీరన్న గడ్డ చుట్టూ రెండుమార్లు తిరిగిండు. మల్లప్పకు అర్థం కాలేదు.

"ఏం చూస్తున్నవు బావా?"

"గట్టు ఏడన్న కోసుకపోతాందేమోనని."

"అది ఏరు బావా. ఈడ కోస్తది, ఆడ ఇసుక వేస్తది. నువ్వు సుత్తె పెట్టి కొట్టేటందుకు దానికి కీలు లేవు" అని నవ్విండు మల్లప్ప. బీరన్నకు నవ్వు రాలేదు. పొద్దుగూకే వరకు మూడోమారు గూడ తిరిగిండు.

రెండో దినం ఎండపూట, ఒడ్డున ఆరబెట్టిన పుట్టి నీడకు ఊకెనే ఒరిగిండు. నిద్ర పట్టింది. పొద్దు వంగింది, నీడ అవతలికి పోయింది, ఎండ మొఖం మీద పడ్డది. లేవలేదు. అన్నానికి లేపుదామని మల్లప్ప భార్య రామమ్మ వచ్చింది. గుర్వమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ముట్టకు" అన్నది. తన కొంగు తీసి ఎండకు అడ్డం పట్టుకొని కూసున్నది. నడుం లాగింది, అయినా కదలలేదు. మూడో దినం గూడ ఆయన తిన్నడు, పండుకున్నడు, మళ్ళ తిన్నడు.

నాలుగోనాడు పొద్దుగాల చెప్పులేసుకొని వచ్చిండు. "పోదాం పా. నా జాగాల ఎవన్ని పెట్టిండ్రో, సరిగ్గ చూస్తుండో లేదో."

గుర్వమ్మ రాయి మీద కూసోని కాళ్ళు నీళ్ళల్ల పెట్టి ఉన్నది. తిరిగి చూడకుండనే, "నువ్వు పో" అన్నది.

"నువ్వో?"

"డాక్టరు రెస్టు రాసిచ్చింది ఎవరికి? ఈ మూడు దినాలు నిన్ను చూసుడే అయ్యింది నాకు. ఇంకా ఆరు దినాలున్నయి. అవి నావి."

"మరి వంట?"

"జొన్నపిండి డబ్బల ఉన్నది. చేతకాకపోతే ఇస్రాయేలు ఇంట్ల తిను."

బీరన్న మల్లప్పను పిలిచిండు. పుట్టి ఎక్కిండు. ఏటి నడుమకు పోయినంక ఈ దిక్కు తిరిగి ఏదో ఒర్రిండు. నీళ్ళ సప్పుడుకు ఆమెకు ఇనపడలేదు. చెయ్యి ఊపింది.

ఆరు దినాలు గుర్వమ్మ గుర్రంగడ్డ మీద ఉన్నది. పొయ్యి ముట్టలేదు. రామమ్మ పెట్టింది తిన్నది. రామమ్మతోని చిన్ననాటి ముచ్చట్లు చెప్పింది, లేకుంటె ఊకున్నది. ఏం చేసినవని తర్వాత ఎవరన్న అడిగితే ఆమెకు చెప్పేటందుకేమీ ఉండేది కాదు.

జనవరి నాలుగున ఆమె బస్సు దిగే సరికి బీరన్న సడక్ మీద అటూ ఇటూ తిరుగుతుండు. మూట అందుకున్నడు.

"నడుమెట్లున్నది?"

"నయమే. నువ్వెట్లున్నవు?"

"నాకేమైంది?" అన్నడు. పది అడుగులు నడిచినంక మళ్ళ ఆయనే అన్నడు. "నిన్న మబ్బు పట్టింది. పోయిన."

"పోయి?"

"చూసిన. వచ్చి పండుకున్న."

గుర్వమ్మ తలూపింది. మూట బరువుకు ఆయన ఒక పక్కకు వంగి నడుస్తుండు. ఆమె నడుం నిటారుగ పెట్టుకొని, తొందర లేకుండ ఆయన ఎన్క నడిచింది.