దొరసాని తూకం

ఇంటికి కుక్క కావాలని పట్టుబట్టింది కాటా మేస్త్రే. తర్వాత్తర్వాత జరిగిన గొడవల్లో ఈ సంగతి మరుగున పడిపోయేలా ఉంది గనక ముందే చెప్పేసుకుంటే ఓ పని అయిపోతుంది.

మేస్త్రి వృత్తి కాటాలు బాగుచేయడం. కూరగాయల కొట్లో బల్లమీది కాటా మొదలుకొని గోదాములో బస్తాలెక్కించే ఇనుపపలక కాటా దాకా, ఊళ్ళో ఏది తప్పు తూగినా ఆయన సంచి భుజాన వేసుకుని బయల్దేరాల్సిందే. తూకంలో గ్రాము తేడా ఒప్పుకోడు. గొంతు మాత్రం ఏ కాటాకీ లొంగదు. ఆయన గుమ్మంలో నిలబడి "మంచినీళ్ళు!" అంటే ఎదురింటివాళ్ళు కూడా గ్లాసు కడుగుతారు. ఇంట్లో ఉండేది ముగ్గురు: ఆయన, ప్రెస్సువాళ్ళకి ఇంట్లోనే కూర్చుని పుస్తకాలకి అట్టలు కట్టిపెట్టే భార్య, ఆవిడ తల్లి.

"ఇంట్లో కాటా ఉన్నది చాలదూ? కాటు కూడా కావాలా?" అంది అత్తగారు, కుక్క మాట వినగానే.

"కాటు వేసేది కాదు అత్తయ్యగారూ, కాపు కాసేది," అన్నాడు మేస్త్రి.

కుక్కల ఆశ్రయంలో ఆయన ఏరుకున్నది గోధుమరంగు ఆడకుక్క. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. రెండువైపులా సమంగా తూగని వస్తువు కనబడితే మేస్త్రి మనసు ఆగదు కదా! అక్కడే కూలబడి "నాతో వస్తావుటే?" అని అడిగాడు. అది గోడవైపు తిరిగి పడుకుంది.

అక్కడి డాక్టరమ్మ కాగితం తీసి చదివింది. ఆ కుక్క అప్పటికే రెండిళ్ళు మారింది. రెండుచోట్లా తలా ఓ చెయ్యి వేసి, తలా ఓ ముద్ద పెట్టి, చివరికి ఎవరూ పట్టించుకోకుండా వదిలేశారు. అందుకని మొదటి పదిహేను రోజులూ ఒకే చెయ్యి, ఒకే గిన్నె, ఒకే చోటు. ఆ చెయ్యి ఎవరిదో కాగితంలో రాయాలి.

"పగలంతా ఇంట్లో ఉండేదెవరు?"

"నేనేనండి," అంది పక్కనే ఉన్న భార్య.

డాక్టరమ్మ ఆవిడ పేరు రాసేసింది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "కుక్క కావాలన్నది నేనండీ."

"కావాలన్నది మీరే. కానీ కడుపు చూసేది ఆవిడ," అంది డాక్టరమ్మ తల ఎత్తకుండా. "పదిహేనో రోజు వచ్చి చూస్తాను. కుదురుకుంటే మీది. లేకపోతే వెనక్కి తీసుకెళ్తాను."

అదిగో, అక్కడ పడింది విత్తనం. కుళ్ళిన విత్తనం మొలవదంటారు గానీ, మేస్త్రి కడుపులో కుళ్ళే మొలిచింది.

తిండి కొనడానికి ముగ్గురూ కుక్కనీ వెంటబెట్టుకుని వెళ్ళారు. ఆ దుకాణంలో బస్తాలు గోడంతా పరుచుకుని ఉన్నాయి. కూన కుక్కలకి, పడుచు కుక్కలకి, ముసలి కుక్కలకి, ఒళ్ళు వంచని కుక్కలకి. కోడి, మేక, చేప. "మన పెళ్ళప్పుడు మా నాన్న కూడా మీ గురించి ఇన్ని వివరాలు అడగలేదు," అంది భార్య. చేతికొచ్చిన ప్రతి కాగితం చదివే అలవాటు ఆవిడది. బస్తా వెనక ఉన్నదంతా చదువుతూ కూర్చుంది. మేస్త్రి బస్తా ముందువైపు నికర బరువు చూసి, కోడిది ఎత్తి భుజాన వేసుకున్నాడు.

కొట్టతను రెండు రకాల గుళికలూ గుప్పెడేసి ఇచ్చాడు. మేస్త్రి కోడివి అరచేతిలో పెట్టి వంగాడు. కుక్క వాసన చూసింది. మేస్త్రి మొహం చూసింది. తల తిప్పేసుకుంది. భార్య చేపవి పెట్టగానే నాలుగు గుళికలు తీసుకుని, బతిమాలితే ఇంకో రెండు తింది.

"బతిమాలితే గానీ ముట్టదు. దొరసాని!" అంది అత్తగారు. ఆ పేరే ఉండిపోయింది.

"ఏం తిన్నదనేది కాదు, ఎవరి చేతిలో తిన్నదనేది చూడాలి. నా చేతికి గ్రీజు వాసన," అని మేస్త్రి సర్దుకున్నాడు. ఆ రాత్రి సబ్బు సగం అరగదీశాడు.

ఆశ్రయంలో ఇచ్చిన పాత తిండిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ, రోజుకి మొత్తం రెండువందల గ్రాములు పెట్టమంది డాక్టరమ్మ. భార్య అలాగే కలిపి పెడుతోంది. దొరసాని బైండింగు బల్లకింద గోనెపట్టా మీద చోటు చూసుకుంది. జిగురు వాసన దానికి అత్తరయింది. ఆవిడ లేస్తే లేస్తుంది, కూచుంటే కూచుంటుంది, దారం కొరికితే చెవి ఎత్తుతుంది. సాయంత్రం మేస్త్రి గుమ్మంలో అడుగుపెట్టి "దొరసానీ!" అని పిలిస్తే మాత్రం బల్లకింద ఇంకాస్త లోపలికి జరుగుతుంది.

"అలా అరిస్తే ఎలా వస్తుందండీ?" అంది భార్య.

"ఇది అరుపా? ఇది ఆప్యాయత!"

"మీ ఆప్యాయతకి అలమారా తలుపులు ఊగుతున్నాయి."

 ఈ ఇంట్లో మేస్త్రి మొర వినేవాళ్ళు లేరు, మొరుగు వినేవాళ్ళే ఉన్నారు. భోజనాల దగ్గర ఆయన కుళ్ళు మరీ ఎక్కువయింది. వంటింటి మూల భార్య గొంతుక్కూచుని, "మా తల్లి కదూ, ఇంకొక్కటి, ఇదిగో ఇదే ఆఖరు," అంటూ గుళిక గుళికా తినిపిస్తుంటే ఆయన కంచంలోంచి చెయ్యి తీసేశాడు.

"పాతికేళ్ళ కాపురం. నన్నెప్పుడైనా అలా అడిగావుటే?"

"మిమ్మల్ని అడగాలా? గిన్నె అడుగు కనబడ్డాకే కదా తమరు తల ఎత్తేది!"

అన్నదే గానీ ఆవిడకి జాలేసింది. మర్నాటి నుంచి దొరసానికి ఓ గుళిక బతిమాలి పెట్టినప్పుడల్లా ఆయన కంచంలోనూ ఓ గరిటె బతిమాలి వడ్డించసాగింది. కుక్క వద్దంటుంది. మేస్త్రి వద్దనడు. వద్దంటే ఓడిపోయినట్టే కదా!

ఇక తూకం సంగతి. మొదటిరోజే ఆయన తన ఇనుపపలక కాటా ఇంటికి మోసుకొచ్చి వసారాలో పెట్టాడు. "దీని బాధ్యత నీది. బరువు నాది," అన్నాడు భార్యతో. పలకమీద నిలబెడితే దొరసాని కాళ్ళు వణికి దూకేసింది. దాన్ని చేతుల్లోకి ఎత్తుకుని తానే పలకెక్కాడు. ఎనభై ఆరు కిలోల నాలుగువందలు. తన బరువు అంతకుముందే చూసుకున్నాడు, డెబ్భై రెండు. తీసేస్తే పధ్నాలుగు కిలోల నాలుగువందలు. ఆశ్రయం కాగితంలో రాసిందీ అంతే! తలుపు వెనక సుద్దముక్కతో రాసి మురిసిపోయాడు.

మురిపెం అంకెకి కాదు. ఎత్తుకున్నంతసేపూ దాని గుండె ఆయన పక్కటెముకలకి కొట్టుకుంది. తడిముక్కు మెడకి తగిలింది. ఇంట్లో అది ఆయన దగ్గరుండేది ఆ అరనిమిషమే. అందుకే రోజూ సాయంత్రం తూకం అన్నాడు. బరువు చూడ్డానికి ఎత్తుకునేవాడో, ఎత్తుకోవడానికి బరువు చూసేవాడో, అది ఏ కాటాకీ తేలదు.

అయిదో రోజుకి పలకమీది మొత్తంలో నాలుగువందల గ్రాములు పెరిగాయి. ఎనిమిదో రోజు మరో మూడువందలు. మేస్త్రి సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. రెండువందల గ్రాముల తిండికి ఇంత పెరుగుదల ఎక్కడిది? ఎవరో చాటుగా పెడుతున్నారు. ప్రేమ కొంటున్నారు!

"ఎవరు పెడుతున్నారు దీనికి?" ఇల్లంతా మోగింది.

"గోరంత కూడా ఎక్కువ పెట్టలేదండీ."

"అత్తయ్యగారూ, మీరా?"

"నాకు కింద కూచుంటే లేవడానికే ఇద్దరు కావాలి బాబూ. వంగి ఎక్కడ పెట్టను?" అంది అత్తగారు. "అయినా నిమిరితే దానికి ఎముకలే తగులుతున్నాయి."

"మీ చెయ్యి అబద్ధం చెప్పొచ్చు. కాటా చెప్పదు!"

లావెక్కితే గుండె చెడుతుందని చెప్పి రెండువందల్ని నూట డెబ్భై చేయించాడు. అయినా తలుపు వెనక అంకె పెరుగుతూనే ఉంది. నూట నలభై చేయించాడు. భార్య కొలిచేటప్పుడు పక్కనే నిలబడ్డాడు. మూడు గుళికలు ఎక్కువ పడితే వెనక్కి తీయించాడు. ఆవిడ అవి తిరిగి డబ్బాలో వేసేసింది. తూకం విషయంలో ఊరంతా నమ్మే మనిషిని ఇల్లాలు నమ్మదా? దొరసాని ఖాళీ గిన్నె నాకి, అది బల్లకిందికి ఈడ్చుకుపోయి పక్కన పెట్టుకుని పడుకునేది. అది చూసి కూడా మేస్త్రి, "చూశావా, గిన్నెని కూడా నీ దగ్గరికే తెచ్చింది," అని ఏడ్చాడు.

పదిహేనో రోజు పొద్దున డాక్టరమ్మ వచ్చింది. భార్య కాళ్ళ చాటు నుంచి దొరసాని తోక రెండుసార్లు ఊపింది. డాక్టరమ్మ నవ్వుతూ కూర్చుని దాని పక్కలు తడిమింది. నవ్వు ఆగిపోయింది.

"ఎంత పెడుతున్నారమ్మా?"

"నూట నలభై."

"రెండువందలు కదా చెప్పాను! ఎందుకు తగ్గించారు?"

భార్య ఎవరివైపూ చూడలేదు. "బరువెక్కుతోందని," అంది.

"ఇదా? ఇదా బరువెక్కింది?" డాక్టరమ్మ లేచింది. "కాగితంలో పేరు మీది. రెండిళ్ళలో పస్తులు చూసిన కుక్కకి మూడో ఇంట్లో కూడా అదేనా? నేను తీసుకెళ్తాను," అని సంచిలోంచి తాడు తీసి మెడపట్టీకి తగిలించింది.

నిజం చెప్పుకోవాలి. ఆ కాగితంలో భార్య పేరు కొట్టేస్తారు అని తట్టగానే మేస్త్రి లోపల ఒక మూల ఏదో చల్లబడింది. ఆ చల్లదనం తెలిసొచ్చి ఆయనకే ఒళ్ళు జలదరించింది. దొరసాని తాడుకి ఎదురుతిరగలేదు. తల వంచుకుని, అలవాటైన దానిలా గుమ్మంవైపు నడిచింది. భార్య బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆగండి! ఆవిడ తప్పేం లేదు. తగ్గించమన్నది నేను," అన్నాడు మేస్త్రి. "కాటా చెప్పింది, నేను చేయించాను. రండి, చూపిస్తాను."

వసారాలో భార్య పలక ఎదురుగా కూర్చుని మెల్లగా, "ఎక్కు తల్లీ," అంది. దొరసాని ఎక్కింది, కూర్చుంది, వణకలేదు. పదిహేను రోజుల్లో అది తనంతట తాను పలకెక్కడం అదే మొదలు. పదమూడు కిలోల అయిదువందలు.

"కాటా చెడింది," అన్నాడు మేస్త్రి. కుక్కని దింపి సంచిలోంచి ఇరవై కిలోల పడికట్టు రాయి తెచ్చి పెట్టాడు. ఇరవై. గ్రాము ఎక్కువ లేదు, తక్కువ లేదు. రాయి తీసేసి ఆయన కొంచెంసేపు ఖాళీ పలకవైపు చూశాడు. తర్వాత చెప్పులు విప్పి తానెక్కాడు.

డెబ్భై నాలుగు కిలోల నూరు.

 ఊళ్ళో ప్రతి కాటానీ రాయిపెట్టి సరిచూసే మనిషి, రోజూ తన్ను తాను మారని రాయి అనుకుని, అదే డెబ్భై రెండు తీసేస్తూ వచ్చాడు.

"బతిమాలి వడ్డిస్తే మరి పెరగరూ?" అని గొణిగింది అత్తగారు.

మేస్త్రి పలక దిగలేదు. ఆయన గొంతు మొదటిసారి నాలుగు గోడల్లోపలే ఉంది. "తెలియక చేశానని చెబితే సగమే నిజం అమ్మా. ఎముకలు తగులుతున్నాయని అత్తయ్యగారు చెప్పనే చెప్పారు. నా దగ్గరికి రాదు, ఆవిణ్ణి వదలదు. నాకు కుళ్ళు. ఆ చేతిలో గుళికలు తగ్గితే ఆ చెయ్యి వదిలేస్తుందేమోనని..." మిగతా మాట మింగేశాడు. "తీసుకెళ్ళాలంటే నన్ను తీసుకెళ్ళి కట్టెయ్యండి. దాన్ని ఉంచండి."

"మిమ్మల్ని ఎక్కడ కట్టెయ్యను? మా గొలుసులు సరిపోవు," అంది డాక్టరమ్మ. కానీ తాడు ఇంకా విప్పలేదు. భార్యవైపు తిరిగింది. "మీరేమంటారు?"

భార్య మొగుడివైపు చూసింది. "ఈయన అడిగితేనే ఇది మా ఇంటికొచ్చిందండీ," అంది. "కానీ తిండి దగ్గర ఈయన మాట ఇక చెల్లదు."

ఆ షరతు కాగితమెక్కింది. ఇంకో పదిహేను రోజులు గడువు. రోజుకి రెండువందల నలభై గ్రాములు. అది తినేటప్పుడు మేస్త్రి వంటింట్లో ఉండకూడదు. ఎత్తుకుని తూచడం బంద్. అన్నిటికీ సంతకం పెట్టాడు. డాక్టరమ్మ వంగి తాడు విప్పింది.

ఆ సాయంత్రమే షరతు అమల్లోకి వచ్చింది. వంటింటి తలుపు ఇవతల ముక్కాలిపీట మీద మేస్త్రి కుక్కిన పేనులా కూర్చున్నాడు. లోపల గిన్నెలో గుళికలు గలగలమన్నాయి. కరకరమని నమలడం వినబడింది. ఒకటి, రెండు, మూడు. ఆగింది. ఆయన ప్రాణం ఆగినంత పనైంది.

"తింటోందా?" అన్నాడు ఉండబట్టలేక.

లోపల గిన్నె నేలమీద జరిగిన చప్పుడైంది.

"ఏమోయ్, తింటోందా లేదా?"

"అబ్బ, మీరు కాసేపు మాట్లాడకండి!" అంది భార్య లోపల్నుంచి. ఆ విసుగులో ఆయన ఇంతవరకూ ఎప్పుడూ వినని జీర ఒకటి ఉంది. కుళ్ళు ఎలా ఉంటుందో పదిహేను రోజులుగా తెలిసినవాడు గనక ఇట్టే పట్టేశాడు. "మీ గొంతు వినబడ్డప్పుడల్లా ఇది తిండి మానేసి తలుపువైపే చూస్తోంది. నేను బతిమాలుతున్నా వినదు!"

మేస్త్రికి లేచి గంతెయ్యాలనిపించింది. "దొరసానీ!" అని వీధి చివరిదాకా వినబడేట్టు పిలవాలనిపించింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి పిలిచి, ఆ నిక్కబొడిచిన చెవి తనవైపు తిరిగిందో లేదో తలుపు సందులోంచి చూడాలనిపించింది.

భుజాన ఉన్న తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. లోపల నమలడం మళ్ళీ మొదలైంది.