ఒడిబియ్యంలో బంగారు పురుగు

మా అత్తమ్మ భూదేవి ముక్కు మీద ఈగను వాలనివ్వని మనిషి. అలాంటి ఇంటికి కోడలిగా వచ్చి నేను పురుగుల నగలు చేస్తున్నాను.

పురుగులంటే నిజం పురుగులు కావు. ఒంటికి కందిగింజ, రెక్కలకు ఉల్లిపొర, కాళ్లకు గరిక వేళ్లు. అన్నీ అతికించి, కరెంటు పారే రంగు పూసి, రాగినీళ్లలో ముంచి కరెంటు పెడితే వాటి చుట్టూ రాగి పొర కడుతుంది. దాని మీద బంగారు పూత వేస్తాను. ఈ పని జగిత్యాలలో నేర్చుకున్నాను. హైదరాబాదు ఆడవాళ్లు ఫోన్లో చూసి తెప్పించుకుంటున్నారు. కోరుట్లలో మా ఇంట్లో మాత్రం ఒక్కరూ పెట్టుకోలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఎవరెంత మెచ్చుకున్నా నాకు తృప్తి లేదు. అత్తమ్మ నోటి నుంచి "మా కోడలు చేసింది" అన్న మాట ఒక్కసారి వస్తే చాలు.

అందుకే మా ఆడబిడ్డ సంగీత ఒడిబియ్యానికి వస్తోందనగానే ఒక ముక్కుపుల్ల చేశాను. సంగీతను సిరిసిల్లలో మరమగ్గాల వాళ్లింటికి ఇచ్చారు. పెళ్లైన బిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తాం. ఆ బియ్యం మీద నా పురుగును పెట్టి స్నానానికి వెళ్లాను. ఒడిలో పడేటప్పుడు మెరుస్తుందని నా ఆశ.

బియ్యాన్ని చాటలో పోసి చూసుకోకుండా అత్తమ్మ బిడ్డ ఒడిలో పోస్తుందా? నేను వచ్చేసరికి నా పురుగును రెండు వేళ్లతో పట్టి వాకిట్లోకి విసిరింది. చెప్పు తీసి ఒకటి వేసింది. అది చావలేదు. ఇంకోటి వేసింది.

"గిదేం పురుగే, సస్తలేదు" అంది.

"అది పురుగు కాదత్తమ్మా. సంగీత కోసం నేను చేసిన ముక్కుపుల్ల."

అత్తమ్మ వంగి చూసి చెప్పు కింద పడేసింది. పాపం అనిపించినట్టు కాసేపు ముఖం పెట్టింది. అంతే, మళ్లీ మామూలే.

"ముక్కు మీద ఈగ వాలితెనే కొట్టుకుంటం. నువ్వు పురుగును కుచ్చుకొమ్మంటవా? సిరిసిల్లోళ్లు సూస్తే పురుగుల బియ్యం వోసిండ్రని ఊరంత జెప్తరు. దాసిపెట్టు దాన్ని."

నాకు ఒళ్లు మండింది. ఇంటి నిండా చుట్టాలు. వంకరపోయిన కాలు సరిచేసి దాన్ని రొండిన దోపుకున్నాను. రెండు చెప్పుదెబ్బలు తిన్నా పూత చెక్కుచెదరలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుందామంటే వినేవాళ్లు లేరు.

సంగీత పీట మీద కూర్చుని కొంగు పట్టింది. అత్తమ్మ దోసిళ్లతో బియ్యం పోస్తోంది. పక్కనే సంగీత అత్తగారు లీల కళ్లద్దాలు సవరించుకుని వంగింది.

"వదినె, బియ్యంల ఏందో ఉన్నది. పురుగు లెక్కనే ఉన్నది."

నేనూ చూశాను. నిజం పురుగే. ఎక్కడి నుంచి వచ్చిందో, ఒంటి నిండా పసుపు పూసుకుని కొత్త పెళ్లికూతురిలా కూర్చుంది.

అత్తమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. వియ్యపురాలి ముందర, బిడ్డ ఒడిలో పురుగు. ఆమె నా వైపు చూసింది. ఆ కళ్లు నన్ను బతిమాలడం అదే మొదటిసారి.

"పురుగు కాదు వదినె, సొమ్ము" అంది గొంతు పెంచి. "మా కోడలు చేసింది. కందిగింజకు బంగారం వూసి చేస్తది. హైదరాబాదోళ్లు ఎగవడి కొంటున్నరు."

నా గుండె పొంగిపోయింది. అంతలో సొమ్ము నడవడం మొదలుపెట్టింది.

"కాళ్లు గదుల్తున్నయి గద" అంది లీల.

"పనితనం వదినె. మా వందన చెయ్యి గసొంటిది. అచ్చం పానమున్నట్టే ఉంటది."

ఇక ఆలస్యం చేస్తే అది ఎగిరి లీల కళ్లద్దాల మీదే వాలేట్టుంది. "నేను దీసి సూపిస్త" అంటూ ఒడిలో చెయ్యి పెట్టి, దాన్ని ఎడమ పిడికిట్లో బిగించాను. కుడిచేత్తో రొండిన ఉన్న నా పురుగును తీసి లీల అరచేతిలో పెట్టాను. సంగీత ఒక్కతే చూసింది. నవ్వు ఆపుకోలేక ఒడి ఊగి బియ్యం చిందింది.

లీల దాన్ని అటూ ఇటూ తిప్పింది. "మంచిగున్నది. నాకొకటి గావాలె. గీ కాళ్లు గట్లనే గదులాలె మల్ల."

"చేస్తది" అంది అత్తమ్మ. ముక్కుపుల్లను తీసుకుని తానే సంగీత ముక్కుకు పెట్టింది. "గట్టితనం గూడ సూడాలె. చెప్పుతోని కొట్టినా ఏం గాదు. నేను జూసిన."

చుట్టాలందరూ మూగారు. అత్తమ్మ ఉల్లిపొర గురించి, గరిక వేళ్ల గురించి చెబుతోంది. ఇవన్నీ ఎప్పుడు గమనించిందో నాకు తెలియదు. పిడికిట్లో పురుగు కొరుకుతోంది. వాకిట్లోకి పరుగెత్తి చెయ్యి దులుపుకోవాలి. ఇంకొక్క మాట విని వెళ్దామని అక్కడే నిలబడ్డాను.