మూడో నంబరు పెట్టెను చంపిందెవరు?

బుధవారం సాయంత్రం నాలుగింటికి మూడో నంబరు గేమ్ కన్సోల్ మళ్లీ ఆరిపోయింది. ఆ క్షణంలో మినీబస్సు డ్రైవర్ దోన్ సెవెరో తెర మీద పెనాల్టీ కొట్టబోతున్నాడు. ఆటగాడి కాలు బంతిని తాకకముందే తెర నల్లబడింది. సెవెరో అన్న మాటలకు పక్కింటి కుక్క కూడా మొరగడం మానేసింది.

రెండు వారాల్లో ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ దాన్ని బాగుచేసి పంపింది ఒక్కడే, ఎవుసేబియో లరూత. కొండల మీది ఎల్ ఆల్తో ఊళ్లో కన్సోళ్లకు తనను మించిన డాక్టరు లేడని అతని దుకాణం బోర్డు చెబుతుంది. ఆ బోర్డు రాయించింది కూడా అతనే.

అరగంటలో దోన్యా బసీలియా దుకాణం ముందు ప్రత్యక్షమైంది. వీధి చివర నాలుగు కన్సోళ్లతో ఆటల హాలు నడుపుతుంది ఆమె. రంగు చారల దుప్పటిలో బిడ్డను కట్టుకున్నట్టు కన్సోల్‌ను వీపున కట్టుకొచ్చింది.

"డాక్టరు గారూ, మీ రోగిని తెచ్చాను."

"మళ్లీనా వదినా?"

"మళ్లీనే! మొదటిసారి కరెంటు మంచిది కాదన్నావు, స్టెబిలైజర్ కొన్నాను. రెండోసారి పవర్ సప్లై పోయిందని కొత్తది వేశావు. ఇప్పుడేం పోయింది? నా బుద్ధి పోయిందా?"

ఎవుసేబియో గొంతు సవరించుకున్నాడు. సమాధానం తెలియనప్పుడు అతను తప్పకుండా చేసే పని అది. "ఎత్తు వదినా. మనం నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఉన్నాం కదా..."

"పుట్టినప్పట్నుంచీ ఈ ఎత్తులోనే ఉన్నాను. నేనెప్పుడైనా ఆరిపోయానా?"

ఎవుసేబియో చేతులు చాచి కన్సోల్ అందుకున్నాడు.

"శనివారం డ్రైవర్ల సంఘం పోటీలు. నాలుగు పెట్టెలూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆడాలి. అప్పుడిది ఆగిందంటే మాత్రం నాలుగింటినీ ఆ ఎడ్సన్‌కి అప్పజెప్పేస్తాను. ముందే చెప్తున్నా."

ఎడ్సన్ కయ్యిసాయా ఆరునెలల క్రితం అదే వీధిలో రిపేరు కొట్టు తెరిచిన కుర్రకుంక. వాడికి బోర్డు కూడా లేదు. అయినా జనం వెళ్తున్నారు. ఈ నాలుగూ పోతే ఎవుసేబియో దుకాణంలో మిగిలేవి రెండు మిక్సీలు, ఒక ఇస్త్రీపెట్టె, డాక్టరన్న ఆ బోర్డు. పైగా ఆ నాలుగు కన్సోళ్లకూ జ్ఞానతండ్రి అతనే. కొత్త వస్తువు ఇంటికొస్తే దానికో పెద్దమనిషిని జ్ఞానతండ్రిగా నిలబెట్టడం వాళ్ల ఆనవాయితీ. కన్నబిడ్డల్లాంటి యంత్రాలు ఎడ్సన్ ఒళ్లోకి పోవడమంటే వీధి వీధంతా చూస్తుండగా మీసం తీయించుకోవడమే.

ఆమె వెళ్లగానే ఎవుసేబియో పై మూత విప్పి, కన్సోల్‌ను బల్ల మీద పెట్టి స్విచ్ వేశాడు. బుధవారం సాయంత్రం వెలిగించింది గురువారం మధ్యాహ్నం దాకా వెలుగుతూనే ఉంది. తెర మీద మెనూ, చిన్నగా సంగీతం. ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

ఎవుసేబియో మెదడు చకచకా పనిచేసింది. అది అలా పనిచేసినప్పుడల్లా ఏదో నష్టం జరుగుతుందని అతని భార్య అంటూ ఉంటుంది. ఇక్కడ ఆగదు. అక్కడ ఆగుతుంది. అంటే యంత్రం నిర్దోషి. నేరం హాల్లో జరుగుతోంది. ఎవరో కావాలని చేస్తున్నారు. లాభం ఎవరికి?

ఎడ్సన్‌కి!

గురువారం మూడింటికి కన్సోల్‌ను హాల్లో బిగించి, టోపీ కళ్ల మీదకి లాక్కుని, వేడి వేడి ఊదారంగు మొక్కజొన్న పానకం గ్లాసు పట్టుకుని మూల బెంచీ మీద మాటు వేశాడు. తనను ఎవరూ గుర్తుపట్టరని అతని ధీమా.

"ఎవుసేబియో అన్నా, టోపీ కొత్తదా?" అన్నాడు లోపలికొచ్చిన మొదటి డ్రైవర్.

"పంటి నొప్పా అన్నా? మొహం దాచుకున్నావేం?" అన్నాడు రెండోవాడు.

ఆట మొదలైన ఇరవై రెండో నిమిషంలో మూడో నంబరు తెర నల్లబడింది. ఎవుసేబియో గబుక్కున లేచాడు. పానకం ప్యాంటు మీద ఒలికింది. సరిగ్గా అదే క్షణంలో గుమ్మంలో ఎడ్సన్! చేతిలో సంచీ!

"దొరికావురా!" అని అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ సంచీలో ఏముంది? తియ్, అందరూ చూస్తారు!"

ఎడ్సన్ సంచీ తెరిచాడు. నాలుగు రొట్టెలు.

"మా అమ్మ తెమ్మంది. మీకొకటి కావాలా మేస్త్రీ?"

హాలంతా గొల్లుమంది. బసీలియా మాత్రం నవ్వలేదు.

ఎడ్సన్ చెయ్యి విడిపించుకుని నల్లబడ్డ తెర వంక చూశాడు. "మీ దుకాణంలో ఏ ఆట ఆడి చూశారు?"

"నేను డాక్టర్ని. ఆటగాణ్ణి కాదు."

"అంటే మెనూ పెట్టి వదిలేశారా? కుర్చీలో కూచున్నవాడి నాడి చూసి కొండెక్కగలడని రాసిచ్చినట్టుంది! ఆట మొదలైతేనే కదా దాని మీద భారం పడేది. వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతోంది మేస్త్రీ."

"నడి చలికాలం, జులైలోనా?" ఎవుసేబియో కోటు గుండీలు చూపించాడు. "ఈ చలికి మనుషులే వేడెక్కట్లేదు, పెట్టె వేడెక్కుతుందా?"

"గాలి చల్లనిదే. కానీ పల్చన. వేడిని సరిగా మోసుకుపోలేదు. దానికితోడు లోపల దారి మూసుకుపోతే ఇంకేముంది? ఫ్యాన్ ఊడదీసి కింద చూశారా?"

"చూడకుండా ఉంటానా?" అన్నాడు ఎవుసేబియో.

చూడలేదు. ఫ్యాన్ తిరుగుతోంది, చప్పుడు వస్తోంది, ఇంకేం చూడాలి అనుకున్నాడు రెండుసార్లూ.

కన్సోల్‌ను చంకన పెట్టుకుని దుకాణానికి దాదాపు పరిగెత్తాడు. షట్టరు సగం దించాడు. మరలు విప్పి ఫ్యాన్ పైకెత్తాడు.

వేడిని లాగే అల్యూమినియం రేకుల మధ్య ఒక పరుపు. బూడిదరంగు దుమ్ము, దాని కింద జిగట. పట్టకారుతో లాగితే ముద్దగా వచ్చింది. బల్ల మీద విడదీసి చూశాడు. గులాబీ రంగు కాగితపు చుక్క. తర్వాత పసుపు. తర్వాత ఆకుపచ్చ. వాసన చూశాడు. ఎండిపోయిన బీరు.

ఎవుసేబియో స్టూలు మీద కూలబడ్డాడు.

ఐదు నెలల కిందటి కార్నివాల్ పండగ మంగళవారం. ఇళ్లకూ బండ్లకూ యంత్రాలకూ బీరు చిలకరించి, రంగు కాగితపు ముక్కలు జల్లి, భూమాత పచమామకు దణ్ణం పెట్టే రోజు. బసీలియా కొత్త కన్సోళ్లకు జ్ఞానతండ్రిగా ముందు నిలబడ్డది తను. పెట్టె నాలుగు మూలలా ఒక్కో చుక్క వదలాలి, అంతే ఆచారం. అయితే ఆ రోజు అందరూ తననే చూస్తున్నారు. చుక్కలేమిటి, పిసినారితనం అనిపించింది. సీసా వంచాడు. కాగితాలు దోసిళ్లతో పోశాడు. అదీ చాలక, "ఆఫ్ చేసిన పెట్టెకు ఆశీర్వాదం ఎక్కదు, వెలిగించండి!" అని స్వయంగా స్విచ్ వేశాడు. తిరుగుతున్న ఫ్యాన్ ఆశీర్వాదాన్నంతా శ్రద్ధగా లోపలికి పీల్చుకుంది. ఐదు నెలల వీధి దుమ్ము దాని మీద నింపాదిగా పేరుకుంది.

నేరస్థుడు దొరికాడు. ఇప్పుడు పారిపోవడం ఎలాగన్నదే ప్రశ్న.

దారి సులువే. శుభ్రం చేసి, 'చిప్ కాలింది, మార్చాను' అంటే సరి. ఎవరు చూడొచ్చారు? బోర్డు నిలబడుతుంది. పరువు నిలబడుతుంది. ముద్దను కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాడు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పోసింది ఒక్క పెట్టె మీద కాదు. నాలుగింటి మీదా, ఉదారంగా. మూడో నంబరు కిటికీ పక్కన ఉంది కాబట్టి దుమ్ము తిని ముందు పడింది. మిగతా మూడూ వరసలో ఉన్నాయి. శనివారం రోజంతా ఆడితే అవీ పడతాయి. బాగా నడుస్తున్న పెట్టెలను ఏ కారణం చెప్పి విప్పగలడు? ముందుజాగ్రత్త అంటే బసీలియా చీపురు తీసుకుంటుంది.

అతను చెత్తబుట్టలోంచి కాగితం పొట్లం తీశాడు.

శుక్రవారం పొద్దున్న హాల్లో బల్ల మీద దాన్ని విప్పాడు. మూడు రంగుల చుక్కలనూ బసీలియా వేలితో ఒక్కొక్కటిగా జరిపి చూసింది.

"నేనే వదినా. సీసా నాది, స్విచ్ నాది."

"పచమామకు నాలుగు చుక్కలు చాలు కదా. మిగతాదంతా ఎవరికి పోశావు?"

"నా గొప్పకి" అన్నాడు ఎవుసేబియో నేలకేసి చూస్తూ.

"నిన్న రొట్టెలు తెచ్చుకున్న పిల్లాణ్ణి పదిమందిలో దొంగను చేశావే!"

"అవును. ఇప్పుడు వాణ్ణే పిలవాలి. సాయంత్రంలోగా నాలుగూ కడగడం నా ఒక్కడి వల్ల కాదు."

ఎడ్సన్ వచ్చాడు. రాగానే నవ్వుతాడని ఎవుసేబియో కాచుక్కూచున్నాడు. వాడు నవ్వలేదు, కుంచె, స్పిరిట్ సీసా తీసి పనిలో కూర్చున్నాడు. అది ఇంకా ఘోరం. "నిన్న తప్పు చేశానురా ఎడ్సన్" అంటే, "ఆ మర ఇటివ్వండి మేస్త్రీ" అన్నాడు. రెండో నంబరులో రెండు పిడికిళ్ల ముద్ద దొరికినప్పుడు మాత్రం ఆపుకోలేకపోయాడు. "ఇక్కడే మీ అభిమానం బాగా పొంగినట్టుంది!"

ఐదు గంటలకు నాలుగు పెట్టెలూ మూతలేసుకుని వరసగా నిలబడ్డాయి. ఎవుసేబియో చేతులు తుడుచుకుని తీర్పు కోసం చూశాడు.

"వచ్చి నిజం చెప్పావు కాబట్టి పని నీకే ఉంచుతాను. కష్టమైనవి ఇద్దరూ కలిసి చూడండి. జ్ఞానతండ్రివి మాత్రం ఇక కాదు. ఇంకో షరతు" అంది బసీలియా. "నువ్వు బాగుచేసిన ఏ పెట్టె అయినా, నా కళ్ల ముందు కూచుని ఒక పూర్తి మ్యాచ్ ఆడితేనే తీసుకుంటాను. మెనూలు చూపిస్తే కుదరదు."

"నాకు ఆడ్డం రాదు వదినా!"

"నేర్పుతారు. దోన్ సెవెరో, ఇటు రండి!"

సెవెరో బల్లకు కుర్చీ లాక్కున్నాడు. వేళ్లు విరుచుకున్నాడు. హాలంతా చుట్టూ మూగింది. పదో నిమిషానికి స్కోరు నాలుగు సున్నా. ఎవుసేబియో గోల్‌కీపర్ రెండుసార్లు తన వలలోకే బంతి తన్నుకున్నాడు.

"అటు కాదు మేస్త్రీ, అది మన గోలు!" అని వెనకనుంచి ఎడ్సన్ అరుస్తున్నాడు.

ముప్ఫైయో నిమిషం. ఏడు సున్నా. డాక్టరు ఎవుసేబియో లరూత చెమటలు కక్కుతూ, ఇప్పుడైనా ఆరిపోతుందేమోనన్న ఆశతో మూడో నంబరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

గోరువెచ్చగా ఉంది. లోపల ఫ్యాన్ హాయిగా తిరుగుతోంది.