అడ్డంగా చీలిన తెల్లసొర

మే నెల మొదటి మంగళవారం ఉదయం మా ఊరు ఫ్రాన్స్‌క్రాల్ ఇసుకమీదికి కొట్టుకొచ్చిన తెల్లసొరను మొదట కొలిచినవాణ్ణి నేనే. ముట్టెనుండి తోక చివరిదాకా నాలుగు మీటర్ల ఎనభై. ఆడది. రెండు పక్కరెక్కల నడుమ రొమ్ము తెరుచుకొని ఉంది. లోపల పేగులున్నాయి, పొట్ట ఉంది, కాలేయం మాత్రం లేదు.

సొర కాలేయాన్ని కాచి నూనె తీయడం ఒకప్పుడు ఈ తీరపు వృత్తి. తెల్లసొరను చంపరాదని చట్టం వచ్చాక మా పొయ్యిలు చల్లారాయి, పెనాలు తుప్పుపట్టాయి. ఆ పనిలో చెయ్యి తిరిగినవారిలో ఆనాటికి ఇద్దరమే మిగిలాం. ఒకణ్ణి నేను, మత్తేయు సెప్టూను, మా క్రైస్తవ సంఘంలో పెద్దను. రెండవవాడు ఆండ్రీస్ కుపీడో.

నా అల్లుడు డియోన్ ఇనుపబోనులో యాత్రికులను సముద్రంలోకి దించి తెల్లసొరలను చూపించే పడవకు సరంగు. అతని బ్రతుకంతా ఆ చేపమీదే. మోకాళ్లమీద కూలబడి ఆ కళేబరం పక్కన చెయ్యి ఆనించి, నావైపు చూశాడు.

“మావయ్యా, నువ్వు నూనె కాచినోడివి. ఎవడి పనిది?”

చుట్టూ ముప్పై నలభైమంది నిలబడి ఉన్నారు. నేను టేపు చుట్టుకుంటూ ఒకే ఒక మాట అన్నాను.

“ఈ చేతిని నేనెరుగుదును.”

ఎవరి చెయ్యి అని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన అవసరమే వారికి లేకపోయింది.

ఇక్కడ నేను దాచకుండా చెప్పవలసినది ఒకటుంది. కత్తిపట్టినవాడు సొరను నిలువుగా కోస్తాడు. మలద్వారం దగ్గర మొనదించి గొంతుదాకా లాక్కుపోతాడు. దాని కాలేయం పొడుగైన రెండు పాయలుగా ఉంటుంది గనుక మరోలా కోస్తే అది చిరిగిపోతుంది. ఈ చీలిక అడ్డంగా ఉంది. కోసినట్లు లేదు, రెండువైపులనుండి పట్టి లాగి చింపినట్లుంది. ఎడమ పక్కరెక్కమీద బొటనవేలంత ఎడంతో వరుసగా పంటిగాట్లున్నాయి. అన్నీ చూశాను. చూసి, తడినాచు కట్ట ఒకటి నా చేత్తోనే ఆ రెక్కమీదికి లాగాను. ఆ తరువాతనే ఆ మాట అన్నాను.

ముప్పైయొక్క సంవత్సరాల క్రితం ఆండ్రీస్ పడవలో ఐదుగురు వెళ్లి నలుగురు తిరిగివచ్చారు. గాలి తిరిగి, లంగరు రాళ్లలో చిక్కి, పడవ ముక్కు నీళ్లలోకి దిగిపోతుండగా ఆండ్రీస్ లంగరుతాడు తెగనరికాడు. నా తమ్ముడు సింసోను అప్పటికే నీళ్లలో ఉన్నాడు. అతడు ఆ తాడునే పట్టుకొని ఉన్నాడా లేదా అన్నది నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ నాటినుండి ఆ మనిషి పేరు నా ఇంట్లో పలకలేదు. పగను ప్రార్థనవలె నిష్ఠతో కాపాడుకున్నాను.

నెల తిరిగేలోగా మరి మూడు సొరలు అదే తీరున ఒడ్డుకు వచ్చాయి. ఆపైన బ్రతికిన సొర ఒక్కటైనా బోను దగ్గరికి రాలేదు. డియోన్ పడవ రేవులో కట్టినది కట్టినట్టే ఉంది. రేవులో ఎవరూ ఆండ్రీస్ చేపలు కొనలేదు. అతని పడవ మోకులు రెండుసార్లు తెగిపోయాయి. ఒక ఉదయం అతని గడపమీద కోసిన సీలు జంతువు తల కనబడింది. ఆ పూట డియోన్ కాఫీ తాగడానికి మా ఇంటికి వచ్చినప్పుడు అతని చొక్కా ఏ వాసన వేస్తున్నదో నేను గమనించకపోలేదు.

జూన్‌లో ప్రభుభోజనపు ఆదివారం వచ్చింది. ఆ రోజు గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసపు గిన్నె పంచుకుంటాం. అంతకుముందు వారమంతా సంఘపెద్ద తన వాడలో ఇంటింటికీ వెళ్లి, పొరుగువానిమీద పగ ఉన్నదా అని అడగాలి. పెద్ద వద్దన్నవానికి ఆ బల్ల లేదు. బల్లకు దూరమై చనిపోయినవాని శవపేటికను మా గుడిలోకి తీసుకురారు. ఆండ్రీస్ వయస్సు డెబ్భైమూడు. నలభై ఏళ్లుగా ఒక్క బల్లకూ తప్పలేదు. అతని ఇల్లు నా వాడలోనే ఉంది.

తలుపు తీసింది అతని చెల్లెలు లెట్టీ.

“రండి రండి, సంఘపెద్దగారూ! కాలు జాగ్రత్త. గడపమీద సీలు నెత్తురు ఎంత కడిగినా పోవట్లేదు. మీ అల్లుడుగారి కానుక.”

“నా అల్లుడేనని ఎవరు చూశారు?”

“మా కుక్క చూసింది. అదైతే అబద్ధమాడదు, పాపం. దానికి పెద్దరికం లేదుగా.”

ఆండ్రీస్ వంటింటి బల్ల దగ్గర గాలాలకు కొత్త దారం ముడివేస్తున్నాడు. లేవలేదు. కుర్చీ చూపించలేదు. నేను నిలబడే ఆ ప్రశ్న అడిగాను.

“పొరుగువాడిమీద నీ మనసులో పగ ఉందా?”

“ఉంది.”

“ఎవరిమీద?”

“అడుగుతున్నోడిమీద.” దారం పంటితో తెంచాడు. “మరి నీ ఇంటికొచ్చి ఈ ప్రశ్న అడిగేదెవరు సెప్టూ? నిన్ను నువ్వే అడుక్కుంటావా, అద్దంలో చూసుకుని?”

“సొరల సంగతి చెప్పు ఆండ్రీస్. ఊరంతా ఒకటే మాట అంటోంది.”

“ఊరు అనట్లేదు. నువ్వన్నావు, ఊరు నమిలింది.” అతను గాలం కిందపెట్టాడు. “ఓర్కా తిమింగలాలు. రెండు. ఒకదాని వీపురెక్క నిటారుగా మనిషెత్తు ఉంటుంది, రెండోదానికి రెక్క చివర ముక్క లేదు. దీవి దగ్గర రెండుసార్లు చూశా. ఎవరికి చెప్పను? దొంగ తన నేరాన్ని దారిన పోయే తిమింగలంమీదికి నెట్టేస్తున్నాడంటారు.”

“ఓర్కా తెల్లసొరను తినడమేమిటి? తెల్లసొరను తినేది ఈ సముద్రంలో ఏముంది?”

“నమ్మకు. రేపు తెల్లారగానే రేవుకి రా. నీ కళ్లతో చూసి, తర్వాత బల్ల వద్దను, ఉరితీయమను, నీ ఇష్టం.” అతడు మొదటిసారి తలెత్తి నావైపు చూశాడు. “ఏం, నా పడవెక్కాలంటే భయమా? నీ తమ్ముడికి లేదే.”

లెట్టీ చేతిలోని గిన్నె టంగుమన్నది. నేను బయటికి వచ్చాను. రాత్రంతా బైబిలు వాక్యం చదివినా ఒక్క అక్షరమూ లోపలికి దిగలేదు. తెల్లవారేసరికి రేవులో ఉన్నాను.

దీవికి అవతల, సీళ్లు బండలమీద కిక్కిరిసి అరిచే చోట, అతడు ఇంజను ఆపాడు. నాలుగు గంటలు గడిచాయి. అతడు తన రొట్టె తీసి తిన్నాడు, నాకు చూపించలేదు. నేను నా రొట్టె తీసి తిన్నాను, అతనికి చూపించలేదు. నీళ్లు కూడా వేర్వేరు సీసాల్లో తాగాం. నేను కూర్చున్న అడ్డుపలక నా తమ్ముడు కూర్చున్నదే. దానిమీద సింసోను చిన్నతనంలో కత్తితో చెక్కిన చేపబొమ్మ ఇంకా అరగలేదు.

ఉన్నట్టుండి సీళ్ల అరుపు ఆగిపోయింది. నీళ్లలో ఉన్నవన్నీ ఒకదానిపైనొకటి పడుతూ బండలెక్కాయి.

“అదిగో,” అన్నాడు ఆండ్రీస్.

రెండు నల్లరెక్కలు, తొందర ఏమాత్రం లేకుండా, దూరంనుండి వస్తున్నాయి. ఒకటి నిటారుగా, ఒకటి చివర తెగి. వాటికి ముందు నీటిలో బూడిదరంగు నీడ ఒకటి పరుగెత్తుకొచ్చింది. తెల్లసొర. నా జీవితంలో ఈ తీరపు మనుషులందరినీ వణికించిన జీవి అది. పెద్ద సీలును ఒక్క కాటుకు రెండు తునకలు చేయడం కళ్లారా చూసినవాణ్ణి నేను. అది తిన్నగా మా పడవ కిందికి వచ్చి దూరింది.

గద్ద నీడ పడిన కోడిపిల్ల గంప కిందికి దూరినట్లు దూరింది. దాని గరుకుచర్మం పడవ అడుగుపలకలను రాస్తున్న చప్పుడు నా పాదాలకు తెలిసింది. పలకకు ఆవల, నా అరికాళ్ల కిందనే, అది దాక్కొని ఉంది. మృగరాజు వలె బ్రతికినది మృత్యువు ఎదుట ఇద్దరు ముసలివాళ్ల కట్టెపడవను శరణు వేడింది. ఆ క్షణంలో దానిమీద నాకు కలిగిన జాలి, ముప్పైయొక్క ఏళ్లలో ఏ మనిషిమీదా కలగలేదు.

ఓర్కాలు మా చుట్టూ ఒకసారి తిరిగాయి. కంటి వెనుక తెల్లమచ్చ నీటిలో వెలిగింది. నిటారు రెక్కది పడవ కింద మునిగింది. ఒక గుద్దు, పడవ ఒక పక్కకు ఒరిగింది, సొర బయటికి పరుగుతీసింది. పది బారలు కూడా పోలేదు. ఒకటి కుడి పక్కరెక్కను పట్టింది, ఒకటి ఎడమ పక్కరెక్కను. అవి వ్యతిరేక దిశలకు లాగాయి. మా యవ్వనంలో ఇద్దరు మనుషులు తడిదుప్పటి పిండినంత నిదానంగా, అంత అలవాటుగా లాగాయి. సొర రొమ్ము అడ్డంగా చీలింది.

లేతపసుపు కాలేయం తనంతట తానే నీటిమీదికి తేలింది. నూనె పరుచుకొని అలలు చదునయ్యాయి. ఆ వాసన నా ముక్కుకు తగిలినప్పుడు నాకు ఇరవైయేళ్లు, మా పెనం ముందు నేను, సింసోను, ఆండ్రీస్ ముగ్గురమూ నిలబడి ఉన్నాము. ఓర్కాలు కాలేయాన్ని పంచుకున్నాయి. ఒకటి కరిచి పట్టుకున్నది, రెండవది తెంపుకున్నది. మిగిలిన శరీరాన్ని ముట్టలేదు. అది తెల్లని పొట్ట తిప్పి, మెల్లగా అడుగుకు జారిపోయింది.

“చూశావా?”

“చూశాను.”

“అడ్డమా, నిలువా?”

నేను నా కాళ్ల కింది అడుగుపలకను చూశాను.

“గుడిలో అంత గొంతుంటుందే, ఇక్కడ లేదా? అడ్డమా, నిలువా?”

“అడ్డం.”

“ఆ మంగళవారం కూడా అడ్డమేగా?”

తలెత్తి చూశాను. అతడు ఇంజను తాడు చేతికి చుట్టుకుంటున్నాడు.

“ఇసుకదిబ్బమీంచి చూస్తూనే ఉన్నా సెప్టూ. రెక్కమీదికి నాచు లాగావు. చచ్చిన చేపకి దుప్పటి కప్పే దయగల మనిషివి.”

“తెలిసి మరి ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్పాల్సింది నేనెందుకు చెప్తా?”

అప్పుడు, ఇన్నేళ్లూ నాలుకమీద మోసిన ప్రశ్న జారిపోయింది. “ఆండ్రీస్, సింసోను… ఆ తాడు పట్టుకునే ఉన్నాడా?”

అతడు నీళ్లమీది నూనెను చూశాడు.

“ఆ మాట ఈ పడవలో ఎత్తకు. నీకు ఈత కూడా రాదు.”

ఇంజను మోగింది. పడవ రేవువైపు తిరిగింది.

శనివారం సాయంకాలం, బల్లకు సిద్ధపడే ఆయత్తకూటంలో, సంఘకాపరి నా వాడ పేర్లు చదవమన్నప్పుడు లేచి నిలబడ్డాను. ఆండ్రీస్ కుపీడో బల్లకు యోగ్యుడన్నాను. నేను కానన్నాను. అడ్డుచీలిక, పంటిగాట్లు, నాచుకట్ట అన్నీ చెప్పాను. దీవి దగ్గర చూసినది చెప్పాను. అబద్ధసాక్ష్యం పలికిన నేను గిన్నె అందించలేనన్నాను. పెద్దలు నన్ను పెద్దరికంనుండీ బల్లనుండీ తొలగించారు. అది న్యాయమే.

గుడి మెట్లమీద డియోన్ నన్ను ఆపాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“దొంగైతే ఒకరోజు పట్టుకునేవాళ్లం మావయ్యా. సొరలు మళ్లీ వచ్చేవి. ఇప్పుడు ఓర్కామీద ఏ పోలీసుకి చెప్పుకోను? ఉన్న ఒక్క ఆశ కూడా తీసేశావు. ఆ ముసలోడు నీకు అల్లుడికంటే ఎక్కువయ్యాడా?”

“వాడింకా నాకు శత్రువే,” అన్నాను.

“అయితే శత్రువులాగే ఉండాల్సింది.” మెట్టుమీద ఉమ్మి వెళ్లిపోయాడు. ఆ తరువాత నా కూతురు చాలాకాలం మా ఇంటికి రాలేదు.

ఆదివారం నేను చివరి బెంచీలో కూర్చున్నాను. ఆండ్రీస్ నల్లకోటు వేసుకొని నా పక్కనుండే నడిచి ముందుకు పోయాడు. రొట్టె తీసుకున్నాడు, గిన్నె తీసుకున్నాడు, తిరిగి వచ్చాడు. రెండుసార్లూ నావైపు చూడలేదు. వెనుక వచ్చిన లెట్టీ మాత్రం వంగి, నా చెవిలో, “ఆకలేస్తోందా పెద్దగారూ?” అన్నది.

ఆ గురువారం అయిదవ సొర వచ్చింది. లెట్టీ మా గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పింది.

“అన్న రమ్మంటున్నాడు. టేపు తెచ్చుకోమన్నాడు.”

ఇసుకమీద జనం మే నెలలోకంటే ఎక్కువగా ఉన్నారు. చేతులు కట్టుకొని డియోన్ కూడా ఉన్నాడు. అందరూ నన్ను చూసి దారి విడిచారు. అది గౌరవంతో కాదు. ఆండ్రీస్ నా చేతిలోని ఉక్కుటేపు కొస లాక్కొని తోక దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

“కొలువు. గట్టిగా చెప్పు. దిబ్బమీదున్నోళ్లకి కూడా వినపడాలి.”

“నాలుగు మీటర్ల ఇరవై. ఆడది.”

“చీలిక?”

“అడ్డంగా ఉంది. కత్తి తగల్లేదు. కార్జం లేదు.”

“రెక్క?”

రెక్కమీద అల తెచ్చిన నాచు ముద్దగా పడి ఉంది. అతడు కదలలేదు, చూస్తూ ఉన్నాడు. నేను వంగి, రెండు చేతులతో ఆ నాచును తీసి పక్కన పడేశాను. పంటిగాట్లు ఒక్కొక్కదానిమీద వేలుపెట్టి పైకి లెక్కపెట్టాను. పదకొండు.

ఆండ్రీస్ టేపు కొస వదిలేశాడు. అది ఈలవేస్తూ వెనక్కు వచ్చి నా వేళ్లను కోసింది. నెత్తురు సొర తెల్లని పొట్టమీద పడింది. అతడు లేచి మోకాళ్ల ఇసుక దులుపుకున్నాడు.

“వెనకున్నోళ్లకి వినపడలేదంట,” అన్నాడు. “మళ్లీ మొదట్నించీ.”

వెనుకనున్నవారు ఏమీ అనలేదని నాకు తెలుసు. అతనికీ తెలుసు. నేను టేపు కొస తోక దగ్గర ఇసుకలో గుచ్చి, తలవైపు నడిచి, మళ్లీ కొలవడం మొదలుపెట్టాను.