లేదని ఒక్క మాట

మా వీధిలో షెల్టరు వద్దని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. దాచుకోవడమెందుకు, వీధి వీధంతా విన్నదే.

మా ఇంటికెదురుగా తపాలా ఆఫీసు ఉండేది. అది మూతబడి నాలుగేళ్ళయింది. ఈ చలికాలం మూడు నెలలూ అందులో ఇరవై మంచాలు వేసి, నిలువ నీడ లేనివాళ్ళని పడుకోనిస్తామని మునిసిపాలిటీవాళ్ళు గోడకి కాగితం అంటించారు. ఆ సాయంత్రమే వీధిలోవాళ్ళందరం ఆ మెట్ల మీదే మీటింగు పెట్టుకున్నాం. నాది బట్టలు కుట్టే కొట్టు, ఇంటి ముందుగదిలోనే. వచ్చేవాళ్ళంతా ఆడవాళ్ళు. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఎదురుగా మంచాల కోసం కట్టిన లైను చూస్తే మళ్ళీ నా గుమ్మం తొక్కుతుందా? అందుకే లేచి నిలబడ్డాను.

"మన వీధిలో ఇల్లు లేనివాళ్ళు ఒక్కరున్నారా? ఉంటే చూపించండి! ఊళ్ళో దరిద్రమంతా ఎత్తుకొచ్చి మా గుమ్మంలో పోస్తారా?" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మా వీధి లెక్చరరుగారి భార్య నా భుజం తట్టింది. జనం వెనకాల, దీపస్తంభం పక్కన మా తమ్ముడు నిలబడి వింటున్నాడు. వాడు చప్పట్లు కొట్టలేదు.

వాడి సంగతి చెప్పాలి. పక్క ఊళ్ళో వాడికి ఫోటో స్టూడియో ఉండేది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక అది మూతపడింది. వెనకే అద్దె ఇల్లు పోయింది, ఆ వెనకే భార్య పుట్టింటికి పోయింది. "నాలుగు రోజులుండి పోతానక్కా" అని సంచీతో వచ్చాడు. ఆ నాలుగు రోజులకి రెండేళ్ళు నిండాయి. కొట్టు కట్టేశాక కటింగు బల్ల కింద పక్క వేసుకుంటాడు. పొద్దున్నే నేను కొట్టు తెరవకముందే ఆ పక్క చుట్టి, గుడ్డల మూటల వెనక దాచి బయటపడతాడు. ఎవరైనా చూసి అడిగితే, "మా తమ్ముడండీ, స్టూడియో బ్రహ్మాండంగా నడుస్తోంది, చుట్టపుచూపుగా వచ్చాడు" అనేదాన్ని. రెండేళ్ళ చుట్టపుచూపు! పైన పటారం, లోన లొటారం అంటే మా ఇల్లే.

మా ఆయన వాణ్ణి పల్లెత్తు మాటనడు. అన్నం దగ్గర ఓ నిట్టూర్పు విడుస్తాడు, అంతే. ఆ నిట్టూర్పుకి మాటలు కట్టడం నా పని. "ఎన్నాళ్ళురా ఇలా? ఇక్కడ చోటేది? మాకే చాలడం లేదు" అని పొద్దున్నే వాడు పక్క చుడుతుండగానే మొదలెట్టేదాన్ని. వాడు తలెత్తకుండా "చూస్తున్నానక్కా" అనేవాడు. మేడ మీద గది ఒకటుంది. అద్దెకిద్దామని తాళం వేసి అట్టేపెట్టాం. ఆ అద్దె రాకపోతే మాకు గడవదని అందరితోనూ అనేదాన్ని. గడుస్తుంది. ఇప్పుడు చెబుతున్నాను గానీ అప్పుడు వాడికి చెప్పలేదు.

మేమెంత గోల చేసినా షెల్టరు ఆగలేదు. మంచాలు దిగాయి. కిటికీలకి కొత్త అద్దాలు బిగించారు. తెరవడానికి రెండు రోజుల ముందు, పక్క చుడుతూ తమ్ముడు నోరు విప్పాడు.

"అక్కా, ఎదురుగా పేరు రాయించుకున్నా."

నా చేతిలో టేపు జారిపోయింది. "ఎదురుగానా? నా గుమ్మం ముందా? సిగ్గు లేదట్రా? నలుగురూ చూస్తే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఊళ్ళో ఇంకెక్కడా లేదక్కా. ఉంటే అక్కడికే పోయేవాణ్ణి. మంచానికి నెంబరిస్తారు. అది ఇంకెవరికీ ఇవ్వరు. ప్యాకింగు పనేదో కూడా చూపిస్తారట. ఒంట్లో బాగోకపోతే పగలు కూడా పడుకోవచ్చట."

పోయిన నెల వాడికి జ్వరమొచ్చింది. ఆ రోజు ఇద్దరు కొలతలకి వస్తారని నేను వాణ్ణి బయటికి పంపేశాను. ఒళ్ళు కాలిపోతుంటే సాయంత్రం దాకా బస్టాండులో కూర్చున్నాడు. ఆ సంగతి వాడు ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఎదురు తిట్టి బతికిపోయేదాన్ని.

"ఒక్క చిక్కుంది" అన్నాడు. "ఊళ్ళో సొంతవాళ్ళుంటే, వాళ్ళింటికొచ్చి అడుగుతారు, ఈ మనిషికి మీ ఇంట్లో చోటుందా అని. ఉందంటే మంచం ఇవ్వరు. లేదని ఒక్క మాట చెప్పు, చాలు."

"చెబుతాలే, పో" అన్నాను. ఉన్న మాటే కదా చెప్పేది, అదేం కష్టం అనుకున్నాను.

తెరిచే రోజు నాలుగింటికే లైను మొదలైంది. వీధంతా వింత చూడ్డానికొచ్చినట్టు గుమ్మాల్లోకొచ్చింది. నా కొట్టులో లెక్చరరుగారి భార్య కొత్త గౌను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. ఆవిడ చెల్లెలు స్టూలు మీద కూర్చుంది. నేను నోట్లో గుండుసూదులు పెట్టుకుని కింద అంచు మడుస్తున్నాను. అప్పుడొచ్చింది షెల్టరు ఆఫీసరమ్మ, చంకలో ఫైలుతో. వెనక మా తమ్ముడు, చేతిలో సంచీతో. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. వాణ్ణలా చూసి ఎన్నాళ్ళయిందో.

"ఈయన మీ తమ్ముడేనామ్మా?" అంది ఆఫీసరమ్మ.

సూదులు నోట్లోంచి తీసి "అవునండీ" అన్నాను.

"ఇల్లు లేదని మా దగ్గర పేరు రాయించారు. ఇక ఒక్క మంచమే మిగిలింది. ఈయన వెనక ఇంకా పదిమందున్నారు. అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో ఈయనకి చోటు లేదా?"

లేదు అనాలి. తమ్ముడు నా వంకే చూస్తున్నాడు, అను అన్నట్టు తలాడిస్తున్నాడు కూడా.

"అయ్యో, మీ తమ్ముడా? స్టూడియో ఉందన్నారుగా?" అంది లెక్చరరుగారి భార్య. స్టూలు మీది చెల్లెలు మూతి తిప్పుకుంది. నవ్విందో లేదో తెలియదు, నాకు మాత్రం నవ్వినట్టే కనిపించింది. నా ఒళ్ళు భగ్గున మండింది.

"చోటు లేకపోవడమేమిటండీ, విడ్డూరం!" అన్నాను. నా గొంతు వీధవతలికి వినిపించింది. "తోడబుట్టినవాణ్ణి వీధిన పడేసేదానిలా కనిపిస్తున్నానా మీకు? మేడ మీద గది వాడిదే. బావ ఇంట్లో ఉండడానికి మొహమాటం వాడికి. మా మీద అలిగి మీ దగ్గరికొచ్చాడు, పిచ్చివెధవ!"

ఆఫీసరమ్మ మొహం విచ్చుకుంది. "మంచి మాట చెప్పారమ్మా. అందరూ మీలా ఉంటే మా మంచాలతో పనేముంది?" అని ఫైల్లో వాడి పేరు కొట్టేసి వీధి దాటింది. గుమ్మంలోంచి చూశాను. లైనులో ముందున్న ముసలాయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తలుపు దగ్గరి మనిషి మిగతావాళ్ళకి అయిపోయాయని చేతులూపాడు.

"ఎంత మంచి మనసండీ మీది" అంది లెక్చరరుగారి భార్య. లోపలికెళ్ళి గౌను మార్చుకొచ్చి, బుధవారం వస్తానని చెప్పి చెల్లెలితో వెళ్ళింది.

వాడు గోడవారనే నిలబడి ఉన్నాడు. మాట తప్పాను కదా, నన్ను దులిపేస్తాడనుకున్నాను. ఎదురు తిట్లు కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు తిట్టలేదు. అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"నిజంగానా అక్కా?" అన్నాడు. "బావ ఒప్పుకున్నాడా?"

ఏమిటి అడుగుతున్నాడో నాకు వెంటనే బుర్రకెక్కలేదు. ఈలోపు వాడు చెప్పులు విప్పి మేడమెట్ల పక్కన జాగ్రత్తగా పెట్టాడు. రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ మెట్లు ఎక్కినవాడు కాదు. నాలుగు మెట్లెక్కి వెనక్కి తిరిగాడు.

"ఊరికే ఉండనక్కా. ఏదో పని చూసుకుంటా. నీకు బరువు కాను. తాళంచెవి ఎక్కడుంది?"

తాళంచెవి మిషను సొరుగులోనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆదివారం ఎవరో భార్యాభర్తలు గది చూసుకోవడానికి వస్తామన్నారు. చూసుకోవడానికే, ఇంకా ఖాయం కూడా కాలేదు.

"దిగరా" అన్నాను. "వాళ్ళ ముందు ఏదో మాటవరసకి అన్నాను."

వాడు దిగి చెప్పులు తొడుక్కున్నాడు. ఒక చెప్పు పట్టీ సరిగ్గా పడకపోతే వంగి సర్దుకున్నాడు.

"లేదనే చెప్పుండొచ్చు కదక్కా" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. "రెండేళ్ళుగా రోజూ పొద్దున్నే నాతో అనే మాటే కదా. ఇవాళొక్కరోజు నోరు రాలేదా?"

ఊళ్ళో అందరికీ జవాబు చెప్పే నోరు నాది. "బల్ల కింద పక్క ఉంది కదరా" అన్నాను. అప్పటికే వాడు సంచీ భుజాన వేసుకుని గుమ్మం దిగాడు.

మంచం దొరకని తొమ్మిదిమంది వీధి చివరికి నడుస్తున్నారు. వాడు వెళ్ళి వాళ్ళ వెనక కలిశాడు. మలుపు తిరిగేలోపు పిలుద్దామని గబగబా గుమ్మంలోకి వచ్చాను. లెక్చరరుగారి భార్య వాళ్ళ గేటు దగ్గరే నిలబడి నా వైపు చూస్తోంది. నేను పిలవలేదు.