మూడోసారి అడిగితే

డాక్టర్ హనుమత్ప్రసాద్ పదకొండు నెలలుగా మందు ముట్టుకోలేదు. ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి కూర్చున్న ఏడుగురిలో ఆ సంగతి ఆయనకీ, ఆయన భార్య ఆమనికీ, పద్నాలుగేళ్ళ కూతురు లోహితకీ మాత్రమే తెలుసు. నాకు తెలియదు. ఆయన తాగరని మాత్రం నాకు చెప్పారు. నేనే వినిపించుకోలేదు.

నా పేరు గిరిజాకుమారి. మా ఆయన బుచ్చిబాబు ఐర్లండులో, రింగాస్కిడీ అనే ఊళ్ళో ఫార్మా ప్లాంటులో ఇంజనీరు. నేను ఏటా సెప్టెంబరులో ఇక్కడ ఉన్న తెలుగువాళ్ళని ఎనిమిదీ పది మందిని ఇటలీ పల్లెటూళ్ళకి తీసుకెళ్తాను. ఉంబ్రియా కొండల్లో దొనతెల్లా అనే ఆవిడకి పొలం, ద్రాక్షతోట ఉన్నాయి. అయిదు రోజులు అక్కడే మకాం. పొద్దున ఆవిడ పాస్తా చెయ్యడం నేర్పుతుంది, సాయంత్రం వాళ్ళ తోట వైన్ రుచి చూపిస్తుంది. "అబ్బో, వైన్ టూరా!" అని నా ముందు మూతి తిప్పినవాళ్ళే మర్నాడు సీట్లు ఉన్నాయా అని మెసేజ్ పెడతారు. అలాంటివాళ్ళని నేను చాలామందిని చూశాను.

మొదటి ఏడాది మావాళ్ళు అక్కడ పస్తులున్నారు. నిజంగానే. దొనతెల్లా పాస్తా గిన్నె పట్టుకుని వచ్చి ఒక్కొక్కరినీ ఇంకొంచెం పెట్టనా అని అడిగింది. అందరూ చేతులు అడ్డం పెట్టి "నో, నో" అన్నారు. మళ్ళీ అడుగుతుంది కదా అని వాళ్ళ ధీమా. ఆవిడ గిన్నె లోపల పెట్టేసి గిన్నెలు కడుక్కుంది. ఆ రాత్రి అందరూ గదుల్లో కూర్చుని సూట్‌కేసుల్లోంచి జంతికలు తీసి నమిలారు.

ఇలా కాదు, మావాళ్ళని మూడుసార్లు అడగాలి అని దొనతెల్లాకి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "వద్దన్నవాళ్ళకి పెట్టడం నాకు చేతకాదు" అంది. సరే, నీకు చేతకాకపోతే నాకు చేతనవును అనుకున్నాను. అప్పట్నుంచీ అడిగే పని నాది. బయల్దేరడానికి ముందు మా ఇంట్లో ఒక రిహార్సల్ భోజనం కూడా పెడుతున్నాను. అవే వంటలు, అదే వైన్. అక్కడికి వెళ్ళేలోపు వాళ్ళ మొహమాటం వదిలించడం నా బాధ్యత. ఎవరి మొహమాటం ఎన్నో "వద్దు" దగ్గర వదులుతుందో చెప్పమంటే చెప్పేస్తాను. నాకు అంత గర్వం ఉండేది.

టూరుకి ముందు అందరూ ఒక ఫారం నింపాలి. ఏం తింటారు, ఏం తాగుతారు అని అందులో ఉంటుంది. మాంసం సంగతి అందరూ నిజమే రాస్తారు. మందు దగ్గర మాత్రం సగం మంది "తాగం" అని రాస్తారు. ఆ ఫారం ఎవరి కంట పడుతుందో, ఏ అంకుల్ చెవిన వేస్తారో అని భయం. అక్కడికి వెళ్ళాక వాళ్ళే రెండో సీసా ఎక్కడా అని వెతుకుతారు. అందుకని ఆ గడి చదవడం నేను ఎప్పుడో మానేశాను.

ఆ ఆదివారం లెపర్డ్స్‌టౌన్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే బాలశౌరి, నీలిమ పెందలాడే వచ్చారు. కిల్కెన్నీ నుంచి, అక్కడి ఆస్పత్రిలో పనిచేసే డాక్టరు గారి కుటుంబం వచ్చింది. డాక్టరు గారు సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. చెప్పులు విప్పి గోడ వారగా వరసలో పెట్టారు. ఇంత దూరం రప్పించానని నేను నొచ్చుకుంటే, "రెండు గంటలేగా అండీ" అని నవ్వారు.

వైన్ సీసాతో ముందు బాలశౌరి దగ్గరికి వెళ్ళాను.

"అయ్యో, నాకు అలవాటు లేదండీ" అన్నాడు.

"అలవాటు చేసుకోవడానికేగా వస్తున్నావు."

"అబ్బే, వద్దండీ బాబూ."

"ఒక్క గుక్క, నా కోసం."

"సరే, మీరింతగా అడుగుతున్నారు కాబట్టి" అని గ్లాసు జరిపాడు. నీలిమ పొట్ట పట్టుకుని నవ్వింది. వాళ్ళింట్లో ఫ్రిజ్‌లో ఏముంటుందో ఆ నవ్వే చెప్పింది.

తర్వాత డాక్టరు గారి కుర్చీ.

"వద్దండీ. కిల్కెన్నీ దాకా డ్రైవ్ చెయ్యాలి కదా."

ఒకటి, అనుకున్నాను. "ఆమని చేస్తుందిలెండి. వచ్చేటప్పుడు తనే కదా నడిపింది, కిటికీలోంచి చూశాను."

"దారిలో గార్డ్స్ ఆపితే మళ్ళీ..."

"ఆపితే పోలీసులు ఆమనిని ఊదమంటారు. మిమ్మల్ని కాదు."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు. ఆమని పళ్ళెంలోకి చూస్తూ, "ఆయన తాగరండీ" అంది.

"మా బాలశౌరి కూడా అయిదు నిమిషాల క్రితం దాకా తాగేవాడు కాదమ్మా!"

మళ్ళీ నవ్వులు. లోహిత నా మొహంలోకి సూటిగా చూసి, "హీ సెడ్ నో, ఆంటీ" అంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి పెద్దవాళ్ళ మధ్య ఎలా మాట్లాడాలో తెలియదు అని నాకు ఒళ్ళు మండింది. పైకి మాత్రం, "నీక్కాదులే తల్లీ, నీకు ఆపిల్ జ్యూస్ తెచ్చాను" అన్నాను.

మూడోసారి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "మా ఇంటికొచ్చి ఖాళీ గ్లాసుతో కూర్చుంటే నాకు నామోషీ డాక్టరు గారూ. నా మీద ఒట్టే."

ఆయన ఆమని వైపు చూశారు. సీసా ఎత్తి పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు. బల్ల చుట్టూ అందరూ ఆయన కోసమే ఆగి ఉన్నారు.

"సరేనండీ. కొంచెం" అన్నారు.

సగం గ్లాసు పోశాను. వైన్ వాసన చూడాలనీ, నోట్లో కాసేపు ఉంచుకోవాలనీ అప్పుడే అందరికీ చెప్పి ఉన్నాను. ఆయన అవేమీ చెయ్యలేదు. మంచినీళ్ళు తాగినట్టు ఒక్కసారే తాగేసి గ్లాసు కింద పెట్టారు. "బావుందండీ" అన్నారు.

లోహిత కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూస్తే కారు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చుంది. టీనేజి కదా, అంతే అన్నాను. రెండోసారి సీసా తిప్పినప్పుడు డాక్టరు గారు వద్దనలేదు. ఆయనే గ్లాసు నా వైపు కొంచెం జరిపారు.

"చూశారా, డాక్టరు గారికి మొహమాటం పోయింది!" అని అందరికీ చూపించాను. నాకు నిజంగా సంతోషంగా ఉండింది.

పన్నెండు రోజుల తర్వాత ఆమని ఫోన్ చేసి తమ మూడు సీట్లూ వద్దంది. ఏమైందమ్మా అని అడిగాను. చెప్పింది. నిరుడు ఆయన తాగుడు మానడానికి నెల రోజులు సెంటర్‌లో ఉన్నారట. ఇక్కడి తెలుగువాళ్ళెవరికీ చెప్పలేదట. వైన్ ఉంటుందని తెలిసీ టూరుకి ఎందుకు పేరిచ్చారంటే, అందరిలాగే ఒక చోటికి వెళ్ళి, వద్దు అని చెప్పి తిరిగి రాగలనని ఆయనకి నమ్మకం కుదిరిందట. మా ఇంటి నుంచి వెళ్తూ దారిలో లిక్కర్ షాపు దగ్గర కారు ఆపమన్నారట. ఇప్పుడు డ్యూటీకి వెళ్ళడం లేదు. మళ్ళీ సెంటర్‌లో చేర్చారు.

"ఫారంలో రాశాను కదండీ" అంది.

"మొహమాటానికి రాశావనుకున్నానమ్మా."

"ఆయన వద్దన్నారు. నేను చెప్పాను. పిల్ల కూడా చెప్పింది." అంత మాత్రమే అని ఫోన్ పెట్టేసింది.

ముందు నాకు కోపమే వచ్చింది. సంగతి ఇదీ అని ఒక్క ముక్క చెబితే నేనెందుకు పోస్తాను అని బుచ్చిబాబు మీద అరిచాను. ఆయన గిన్నెలు తుడుస్తున్నాడు. "కారణం చెబితే తప్ప వద్దంటే వద్దని అనుకోవా గిరిజా?" అన్నాడు. నేను వెళ్ళి ఫారాలు తీశాను. బాలశౌరి "నో ఆల్కహాల్" అని రాశాడు. ఆమని "నో ఆల్కహాల్, ప్లీజ్" అని రాసింది. ఇన్నేళ్ళలో ఆ గడిలో ప్లీజ్ అని రాసినవాళ్ళు ఇంకెవరూ లేరు. చాలాసేపు అక్కడే కూర్చుని ఏడ్చాను.

అక్టోబరులో సున్నుండలు చేసుకుని కిల్కెన్నీ వెళ్ళాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకున్నాను. ఆమని తలుపు తీసి లోపలికి రమ్మంది. ఆయన సెంటర్ నుంచి ఇంకా రాలేదట. నేను అనుకున్న మాటల్లో సగమే చెప్పగలిగాను. ఆమని అంతా విని తల ఊపింది. సున్నుండల డబ్బా తీసుకుని బల్ల మీద పెట్టింది.

"కాఫీ తాగుతారా?" అని అడిగింది. వంటగదిలో లోహిత కప్పుల కోసం అలమర తలుపు తెరిచింది.

రెండు గంటలు కారు నడిపి వచ్చాను. గొంతు ఎండిపోయి ఉంది. అయినా నోట్లోంచి అలవాటైన మాటే వచ్చింది. "అబ్బే, ఇప్పుడెందుకమ్మా, వద్దులే."

"సరేనండీ" అంది ఆమని. లోహిత అలమర తలుపు మూసేసింది.

మళ్ళీ అడుగుతుందేమోనని ఇంకో ఇరవై నిమిషాలు కూర్చున్నాను. అడగలేదు.