వెలుగుకు ఇచ్చిన కార్మెన్

1943 వేసవిలో చంద్రకాంతమ్మను చిత్తూరు పోలీసు స్టేషనుకు రమ్మని కబురొచ్చింది. ఆమె పూతలపట్టులో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో కాన్పులు చూసే నర్సు. ఆ ఆసుపత్రిని నడిపే సిస్టర్ ఇనేస్ది స్పెయిన్ దేశం. సిస్టర్‌కు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం ఆమె చేతికి అందకముందే పోలీసులు ఆపేశారు. యుద్ధకాలం, పైగా ఎవరికీ తెలియని భాష.

"నీకు ఆ భాష వచ్చునంట గదా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్ ధనంజయ.

"వచ్చును సార్. నాలుగేండ్లుగా సిస్టరమ్మ కాన్పుల పుస్తకం సదివి నేర్సుకుంటిని."

స్టేషన్ రైటర్ తిరుమలయ్య మద్రాసు నుంచి నిఘంటువు తెప్పించి, మాట మాటకూ అర్థం వెతికి రాశాడు. ఆ కాగితం పైకి చదివాడు. "పన్నెండో తేదీ కార్మెన్ వెలుగుకు ఇచ్చింది. నిన్ను మేము తక్కువగా విసురుతున్నాము."

"రాత్రిపూట దీపాలు ఆర్పమని సర్కారు మొత్తుకుంటా ఉండాది. ఈడ సూస్తే ఒకరు వెలుగు ఇస్తా ఉండారు, ఇంకొకరు ఏందో విసరతా ఉండారు. గూఢభాష కాక ఇంకేందమ్మా?" అన్నాడు ధనంజయ.

చంద్రకాంతమ్మ ఉత్తరం అందుకుని చివరిదాకా చదివింది. కార్మెన్ సిస్టర్‌కు సొంత చెల్లెలు. నవ్వొచ్చినా ఆపుకుంది.

"రైటరయ్య అర్థాలు సరిగ్గానే రాసినాడు సార్. కలిసుండే మాటల్ని విడదీసినాడు, అంతే. మీ కోడలు నీళ్ళోసుకునిందంటే ఏ బావికాడని అడగతారా? పురుడు పోసుకునిందంటే ఏ బిందెతో అంటారా?"

మూల నిలబడ్డ కానిస్టేబులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ధనంజయ నవ్వలేదు.

"దియో అంటే ఇచ్చింది, లూస్ అంటే వెలుగు. 'దియో ఆ లూస్' అని కలిపితే బిడ్డను కనిందని. మా పుస్తకంలో పేజీకొకసారి వస్తాది. 'ఎచామోస్ దె మెనోస్' లో విసరడమూ లేదు, తక్కువా లేదు. నువ్వు లేక మాకు వెలితిగా ఉండాది అని."

"సిస్టరు కోసం నువ్వేమైనా సెప్తావు. రుజువేది?"

ఆమె కాగితం తిప్పింది. "వెనక పక్క సదివినావా రైటరయ్యా?"

తిరుమలయ్య తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఈ వరస నువ్వే సూడు. నేను నోరు తెరవను."

తిరుమలయ్య నిఘంటువు తిరగేశాడు. ఒక్కో మాటా దొరికే కొద్దీ అతని మొహం మారింది. "మగబిడ్డ... బరువు మూడు కిలోలు... కండ్లు అచ్చం నీవే..." తలెత్తాడు. "సార్, బిడ్డే పుట్టినాడు సార్."

ధనంజయ ఉత్తరం మడిచి ఆమె చేతికిచ్చాడు. "తీసకపోమ్మా. ఇంకోటి వస్తే ముందు నీకే కబురు సేస్తాను."

మధ్యాహ్నం బస్సులో ఆమె పూతలపట్టు చేరేసరికి సిస్టర్ ఇనేస్ కుప్పయ్య అనే రోగి కాలి పుండుకు కట్టు కడుతోంది. చేతులు కడుక్కుని ఉత్తరం అందుకుంది. రెండోవైపు తిప్పి చివరిదాకా చదివింది.

"చంద్రకాంతమ్మా, చెల్లెలికి కొడుకు. తెలుగులో నేను ఏమవుతాను?"

"పెద్దమ్మ."

సిస్టర్ వరండాలో కూర్చున్న రోగులందరి వైపు తిరిగి, "నేను పెద్దమ్మ!" అంది గట్టిగా.

"బిడ్డకు ఏం పేరు పెట్టినారమ్మా?" అడిగాడు కుప్పయ్య, సగం కట్టిన కాలు చాపుకునే.